ఇంటర్‌టాక్ స్కోరు సమీక్ష: ఆడవారికి 25 పాయింట్లు, వయసుకు సున్నా

తీవ్రమైన మానసిక ఆఘాతం వల్ల గానీ, ఒంటికి వచ్చిన పెద్ద జబ్బు వల్ల గానీ గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడి, అచ్చం గుండెపోటులాగే కనిపించే వ్యాధిని టకోట్సుబో అంటారు. దీన్ని అసలైన గుండెపోటు నుంచి వేరుచేసి గుర్తించడానికి, జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి కేంద్రంగా మొదలైన అంతర్జాతీయ రిజిస్ట్రీ (అనేక ఆసుపత్రుల రోగుల వివరాలను ఒకచోట చేర్చే నమోదు) వైద్యులు 2017లో ఒక చిన్న లెక్కింపు సాధనాన్ని ప్రకటించారు. దాని పేరు ఇంటర్‌టాక్ డయాగ్నస్టిక్ స్కోరు. రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, ఇంటర్నెట్ లేనప్పుడు కాగితం మీద కూడుకున్నా సరిపోతుంది. గుండె జబ్బుల విభాగంలో పనిచేస్తూ, రాత్రి డ్యూటీలో ఉండే జూనియర్ వైద్యులకు దీన్ని వాడడం నేర్పుతున్న వ్యక్తిగా ఈ సమీక్ష రాస్తున్నాను. వైద్యులతో పాటు, ఈ జబ్బు పేరు డిశ్చార్జి కాగితంలో చూసి ఆందోళన పడుతున్న కుటుంబాలు కూడా చదవగలిగేలా రాయడానికి ప్రయత్నించాను.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. నెలసరి ఆగిపోయిన వయసు స్త్రీల విషయంలో ఇది చాలా మంచి సాధనం. మగవారి విషయంలో, యాభై లోపు వయసువారి విషయంలో మాత్రం దీన్ని ఒంటరిగా నమ్మకూడదు. ఎందుకంటే ఈ జబ్బు ఎవరికి ఎక్కువగా వస్తుందన్న ప్రశ్నకూ, వచ్చినవారిలో ఎవరు ఎక్కువగా చనిపోతారన్న ప్రశ్నకూ సమాధానాలు ఒకటి కావు. చాలావరకు అవి ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఈ స్కోరు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది.

జబ్బు గురించి కొంత చెప్పక తప్పదు. 1990లో జపాన్‌లో హికారు సాటో, ఆయన సహచరులు దీన్ని తొలిసారి వర్ణించారు. ఒత్తిడి వేళ శరీరంలో వెల్లువెత్తే అడ్రినలిన్ వంటి రసాయనాల తాకిడికి గుండె ఎడమ గది కొన భాగం కదలడం మానేసి బుడగలా ఉబ్బుతుంది, మొదలు దగ్గరి భాగం మాత్రం గట్టిగా ముడుచుకుంటుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, ఈసీజీలో మార్పులు, గుండె కండరం దెబ్బతిన్నదని చెప్పే ట్రోపోనిన్ రక్తంలో పెరగడం వంటివన్నీ గుండెపోటులో కనిపించినట్టే కనిపిస్తాయి. అయితే యాంజియోగ్రామ్ చేస్తే ఆ కదలని భాగానికి కారణం కాగల అడ్డంకి రక్తనాళాల్లో కనిపించదు. చాలామందిలో కొన్ని వారాల్లో గుండె తిరిగి మామూలుగా కొట్టుకుంటుంది. ఈ చివరి మాట వల్లే ఇది ప్రమాదం లేని జబ్బన్న అభిప్రాయం చాలాకాలం వైద్యుల్లో కూడా ఉండేది. ఇదే రిజిస్ట్రీ 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 1750 మంది రోగుల వివరాలు ప్రకటించాక ఆ అభిప్రాయానికి ఆధారం లేకుండా పోయింది. వారిలో 4.1 శాతం మంది ఆసుపత్రిలోనే మరణించారు. గుండె పనితీరు ప్రమాదకరంగా పడిపోయే షాక్ గానీ, ఆసుపత్రిలో మరణం గానీ అదే వయసు గుండెపోటు రోగులతో పోలిస్తే తక్కువేమీ కాదని తేలింది.

ఇక సాధనం సంగతి. ఇందులో ఏడు ప్రశ్నలున్నాయి. రోగి స్త్రీ అయితే 25 పాయింట్లు. జబ్బుకు ముందు మనసును కుదిపిన సంఘటన ఏదైనా ఉంటే 24, శారీరకమైన కారణం ఉంటే 13. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం, ఏవీఆర్ అనే ఒక్క లీడు (ఈసీజీ గుండెను చూసే ఒక్కో కోణం) తప్ప మిగిలిన లీడ్లలో కిందికి దిగకుండా ఉంటే 12. మానసిక వ్యాధి ఉంటే 11, నరాల వ్యాధి ఉంటే 9, ఈసీజీలో క్యూటీ వ్యవధి (ఒక్కో స్పందనలో గుండె కింది గదుల విద్యుత్ చర్య మొదలై ముగిసేందుకు పట్టే సమయం) పెరిగి ఉంటే 6. అన్నీ కలిపితే సరిగ్గా 100. మొత్తం 70 దాటితే టకోట్సుబో అయ్యే అవకాశం ఎక్కువని, 70 లేదా అంతకు తక్కువైతే అవకాశం తక్కువ లేదా మధ్యస్థమని 2018లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం చెప్పింది.

రక్తపరీక్ష అక్కర్లేదు, గుండె కదలికను తెరమీద చూపే ఎకో అక్కర్లేదు. ఒక ఈసీజీ, రోగితోనో వెంట వచ్చినవారితోనో నాలుగు మాటలు ఉంటే చాలు. ఎకో మిషను ఉన్నా రాత్రిపూట దాన్ని చేసేవారు ఉండని చోట్ల ఇది ఎంత ఉపయోగమో అక్కడ పనిచేసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. రూపకర్తలు ప్రకటించిన ఫలితాలు కూడా బాగున్నాయి. 50 లేదా అంతకు మించి పాయింట్లు వచ్చినవారిని టకోట్సుబోగా లెక్కిస్తే దాదాపు 95 శాతం టకోట్సుబో రోగులను, 31 లేదా అంతకు తక్కువ వచ్చినవారిని గుండెపోటుగా లెక్కిస్తే దాదాపు 95 శాతం గుండెపోటు రోగులను సరిగా గుర్తించగలిగారు. అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. ఈ స్కోరు వైద్యుడి చేత ఒక ప్రశ్న అడిగిస్తుంది: ఇంట్లో ఏం జరిగింది? ఛాతీ నొప్పితో వచ్చిన రోగిని బీపీ, షుగరు, సిగరెట్టు గురించి తప్పకుండా అడిగే మనం, ఈ ప్రశ్నను అడగడం మాత్రం దాదాపుగా మరిచిపోయాం.

స్త్రీలకు 25 పాయింట్లు ఇవ్వడంలో అన్యాయమేమీ లేదు. 2015 నాటి ఆ 1750 మందిలో 89.8 శాతం స్త్రీలే, సగటు వయసు 66.8 ఏళ్లు. అమెరికాలో 2008 నాటి ఆసుపత్రి రికార్డులను పరిశీలించిన మరో అధ్యయనంలో, పురుషులతో పోలిస్తే స్త్రీలకు ఈ జబ్బు వచ్చే అవకాశం 8.8 రెట్లు ఎక్కువని, స్త్రీలలోనూ 55 దాటినవారికి అంతకంటే చిన్నవారితో పోలిస్తే 4.8 రెట్లు ఎక్కువని తేలింది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో, ఒత్తిడి రసాయనాల తాకిడి నుంచి గుండెలోని సన్నని రక్తనాళాలకు ఉండే రక్షణ సడలుతుందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. పూర్తి నిరూపణ ఇంకా జరగలేదు గానీ, జబ్బు వచ్చేవారి వయసు చూస్తే ఆ వివరణకు బలం కనిపిస్తుంది. కాబట్టి రోగ నిర్ధారణకు మాత్రమే పరిమితమైన సాధనంలో స్త్రీ కావడానికి పెద్ద బరువు ఉండడం సహజమే.

చిక్కు ఎక్కడుందంటే, ఆ బరువు అవతలి పక్షాన చేసే పనిలో ఉంది. పురుషుడికి ఈ స్కోరులో రాగలిగిన గరిష్ఠం 75. అన్నిటికంటే చిన్న అంశమైన క్యూటీ ఒక్కటి లేకపోయినా అది 69కి పడిపోతుంది. అంటే ఒక పురుషుడు 70 దాటాలంటే మనసుకు తగిలిన దెబ్బ, శారీరక కారణం, మానసిక వ్యాధి, నరాల వ్యాధి, ఈసీజీలోని రెండు లక్షణాలు, ఈ ఆరూ ఒకేసారి ఉండి తీరాలి. అలాంటి రోగి ఆచరణలో దాదాపుగా ఉండడు. మరో మాటలో చెప్పాలంటే, అవకాశం ఎక్కువ అన్న గడిలోకి మగవాడు అడుగుపెట్టే దారి ఈ సాధనంలో దాదాపుగా లేదు.

దీన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. పేగుకు చిల్లుపడి అత్యవసరంగా ఆపరేషన్ అయిన 58 ఏళ్ల వ్యక్తి ఐసీయూలో ఉన్నాడు. మూడో రోజు బీపీ పడిపోయింది, ట్రోపోనిన్ పెరిగింది, ఈసీజీలో టీ తరంగాలు తలకిందులయ్యాయి, క్యూటీ పెరిగింది, ఎస్‌టీ మాత్రం కిందికి దిగలేదు. శారీరక కారణానికి 13, ఎస్‌టీ దిగనందుకు 12, క్యూటీకి 6 కలిపితే 31. గుండెపోటే అని సాధనం గట్టిగా సూచించే గీత సరిగ్గా అదే. ఇవే లక్షణాలు అదే వయసు స్త్రీలో ఉంటే స్కోరు 56 వస్తుంది, డ్యూటీ డాక్టరు టకోట్సుబో గురించి తప్పకుండా ఆలోచిస్తాడు. నేనిచ్చిన ఈ ఉదాహరణ అరుదైనదేమీ కాదు, మగవారికి ఈ జబ్బు వచ్చే తీరే అది. 2015 లెక్కల్లో పురుషుల్లో 50.8 శాతం మందికి శారీరక కారణం ఉంటే స్త్రీలలో అది 34.3 శాతమే. మనసుకు తగిలిన దెబ్బతో జబ్బు మొదలైన పురుషులు 14.5 శాతం కాగా, స్త్రీలలో దానికి దాదాపు రెట్టింపు. అంటే స్త్రీ కాకపోవడం వల్ల 25 పోగొట్టుకున్న పురుషుడు, 24కు బదులు 13 మాత్రమే ఇచ్చే కారణంతో రావడం వల్ల మరోసారి నష్టపోతాడు.

ఇంత వివరంగా ఈ కూడికలు చెప్పడానికి కారణం ఒకటే: ఎవరిని ఈ సాధనం తక్కువగా గుర్తిస్తుందో వారే ఎక్కువగా చనిపోతున్నారు. అమెరికాలో 2008, 2009 సంవత్సరాల్లో ఈ జబ్బుతో ఆసుపత్రుల్లో చేరిన 24,701 మందిని పరిశీలిస్తే, ఆసుపత్రిలో మరణించినవారు స్త్రీలలో 3.6 శాతం, పురుషుల్లో 8.4 శాతం. అదే దేశంలో 2016 నుంచి 2020 వరకు దాదాపు రెండు లక్షల మంది రికార్డుల మీద 2025లో వెలువడిన అధ్యయనంలో ఆ సంఖ్యలు స్త్రీలలో 5.5, పురుషుల్లో 11.2. మధ్యలో పదేళ్లు గడిచినా ఆడ, మగ తేడా రెండింతల చొప్పున అలాగే నిలిచి ఉంది, మొత్తం మరణాలు తగ్గకపోగా పెరిగినట్టు కనిపిస్తున్నాయి. ఇంటర్‌టాక్ రిజిస్ట్రీ సొంత లెక్కల్లోనూ దీర్ఘకాలంలో ఏడాదికి మరణాల రేటు స్త్రీలలో 5.0 శాతం, పురుషుల్లో 12.9 శాతం. అంటే ఈ సంగతి సాధనాన్ని తయారుచేసినవారికి తెలియనిది కాదు.

మగవారు ఎక్కువగా చనిపోవడానికి వారికి ముందునుంచే ఉన్న పెద్ద జబ్బులే కారణమని, గుండెది అందులో పాత్ర తక్కువని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. ఒళ్లంతటినీ దెబ్బతీసే ఇన్ఫెక్షన్ అయిన సెప్సిస్‌తోనో, మెదడులో రక్తస్రావంతోనో, శ్వాస అందని ఊపిరితిత్తుల జబ్బుతోనో చేరినవారిలో ఇది వస్తే మరణాన్ని పూర్తిగా గుండె ఖాతాలో వేయలేం. 2018లో జబ్బును కారణాన్ని బట్టి వర్గీకరించినప్పుడు కూడా మానసిక కారణంతో వచ్చినవారు అందరికంటే బాగా కోలుకున్నారని, మెదడు, నరాల జబ్బు కారణంగా వచ్చినవారి పరిస్థితి అందరికంటే దారుణంగా ఉందని తేలింది. కానీ వాదన అంతటితో ముగియదు. జర్మనీ, ఇటలీ, స్పెయిన్ వైద్యుల ఉమ్మడి రిజిస్ట్రీ 2022లో 2492 మంది వివరాలు ప్రకటించింది. వయసు, ఇతర జబ్బులు, శారీరక కారణం వంటివన్నీ సరిపోల్చి పురుషులు 207 మందిని, స్త్రీలు 207 మందిని జోడీలుగా తీసుకున్నా, షాక్ పురుషుల్లో 16 శాతం, స్త్రీలలో 6 శాతం. ఆసుపత్రిలో మరణం పురుషుల్లో 8 శాతం, స్త్రీలలో 3 శాతం. పక్కనున్న జబ్బుల బరువు తీసేశాక కూడా ఈ తేడా మిగిలింది. దీనికి ఈస్ట్రోజెన్ రక్షణ లేకపోవడమే కారణమా, లేక తేలికపాటి జబ్బు వచ్చిన మగవారు గుర్తింపుకే నోచుకోక, తీవ్రంగా వచ్చినవారు మాత్రమే లెక్కల్లోకి ఎక్కడం కారణమా అన్నది ఇంకా తేలలేదు. నా మట్టుకు రెండో కారణానికి చెప్పుకోదగ్గ పాత్ర ఉందని నమ్ముతాను, మగవారికి మూసుకుపోయిన ఈ స్కోరును చూసిన కొద్దీ ఆ నమ్మకం బలపడుతోంది.

ఆలస్యంగా గుర్తిస్తే నష్టమేమిటని జూనియర్లు తరచు అడుగుతారు. నష్టం ఉంది. టకోట్సుబో రోగుల్లో కొందరికి గుండె మొదలు భాగం మరీ బిగుసుకుపోయి, రక్తం బయటికి పోయే దారికి అడ్డుపడుతుంది. అలాంటి రోగికి బీపీ పడిపోయిందని గుండెను మరింత బలంగా కొట్టించే డోబ్యుటమిన్ వంటి మందు ఎక్కిస్తే ఆ అడ్డంకి పెరిగి పరిస్థితి విషమిస్తుంది. క్యూటీ పెరిగినవారికి వాంతులకో, నిద్రకో, ఇన్ఫెక్షన్‌కో ఇచ్చే కొన్ని మామూలు మందులు కూడా ప్రాణాంతకమైన లయ తప్పులకు దారితీయవచ్చు. కదలని గుండె కొనలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఐసీయూలో ఉన్న మగ రోగికి కూడా ఈ మూడు ప్రమాదాలూ ఉంటాయి, కాబట్టి అతని విషయంలోనూ గుర్తింపు త్వరగా జరగాలి.

వయసు విషయంలో నాకున్న అభ్యంతరం ఇంకా మౌలికమైనది. ఏడు ప్రశ్నల్లో వయసు ఒక్కచోట కూడా లేదు. రిజిస్ట్రీలోని రోగుల్లో 79.1 శాతం మంది 50 దాటిన స్త్రీలు అయినప్పటికీ, డెబ్బై ఏళ్ల స్త్రీకి వచ్చే 25 పాయింట్లే ముప్ఫై ఏళ్ల స్త్రీకి కూడా వస్తాయి. కాన్పయిన రెండు వారాలకు ఆయాసంతో వచ్చిన యువతిని ఊహించండి. ఇంట్లో గొడవ జరిగిందని అత్తగారు చెబితే స్కోరు సులభంగా 60 దాటుతుంది. కానీ ఆ వయసులో, ఆ స్థితిలో ముందుగా అనుమానించవలసినవి కాన్పు చుట్టూ వచ్చే గుండె కండర బలహీనత, గుండె రక్తనాళం గోడ తనంతట తాను చీలిపోవడం. ఈ రెండో జబ్బు యాభై లోపు స్త్రీలలో గుండెపోటుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి, పైగా అది కూడా తీవ్రమైన మనోవేదన తర్వాత రావడం ఉంది. ఈ రెంటికీ టకోట్సుబోకూ మధ్య తేడా చెప్పే శక్తి ఈ స్కోరుకు లేదు, ఎందుకంటే దీన్ని ఆ పనికి తయారుచేయలేదు. అడ్రినలిన్ ఎక్కువగా విడుదల చేసే ఫియోక్రోమోసైటోమా అనే కణితి గురించి కూడా చిన్న వయసువారిలో తప్పక ఆలోచించాలి, దాన్ని గుర్తుచేసే ప్రశ్న కూడా ఇందులో లేదు.

అసలు ఈ జబ్బులో వయసు చేసే పని మనం అనుకున్నట్టు ఉండదు. ముసలివారికి వస్తే ప్రమాదం, చిన్నవారైతే తేలికగా బయటపడతారు అని ఎవరైనా అనుకుంటారు. ఇదే రిజిస్ట్రీ 2020లో 2098 మందిని మూడు వయసు వర్గాలుగా విడదీసి చూసింది. యాభై, అంతకు లోపు వారు మొత్తంలో 11.5 శాతమే. అయినా షాక్‌లోకి వెళ్లినవారు ఆ వర్గంలో 15.3 శాతం, 51 నుంచి 74 ఏళ్లవారిలో 9.1 శాతం, 75 దాటినవారిలో 8.1 శాతం. చిన్నవారిలో మగవారి వాటా కొంచెం ఎక్కువగా ఉంది, మెదడుకు, మనసుకు సంబంధించిన తీవ్రమైన జబ్బులు కూడా ఎక్కువగా ఉన్నాయి. వృద్ధులకు ఉన్న ఇబ్బంది వేరు: తొలి గండం గడిచినా, పక్కనున్న జబ్బులు ఆ తర్వాతి వారాల్లో వారిని కుంగదీస్తాయి. కాబట్టి నలభై ఏళ్లవాడు కదా, తట్టుకుంటాడులే అని ఐసీయూ నుంచి తొందరగా వార్డుకు పంపే ముందు ఈ సంఖ్యలు గుర్తు చేసుకోవాలి.

మన ప్రాంతంలో ఈ సాధనాన్ని వాడేటప్పుడు ప్రత్యేకంగా గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, 24 పాయింట్ల ఆ ప్రశ్నను అడిగే తీరు. క్యాజువాలిటీలో మంచం చుట్టూ ఆరుగురు బంధువులు నిలబడి ఉండగా ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా అని అడిగితే నిజం రాదు. మగ రోగి దగ్గర అసలే రాదు. పంట పోయిందనో, ఇచ్చిన అప్పు తిరిగి రాలేదనో, కొడుకు ఇల్లు విడిచి వెళ్లాడనో ఒక పెద్దాయన అందరి ముందు చెప్పడు. ఏమీ లేదండీ, కాస్త గుండెలో బరువుగా ఉంది అంటాడు. బంధువులను బయటికి పంపి, కూర్చుని, పెద్దాయనా, ఈ వారంలో మనసుకు కష్టం కలిగించింది ఏదైనా జరిగిందా అని అడిగితే చెబుతాడు. ఈ ప్రశ్న సరిగా అడగకపోతే, సాధనం ఇప్పటికే చిన్నచూపు చూస్తున్న మగ రోగికి మనం చేతులారా మరో 24 పాయింట్లు తగ్గించినట్టవుతుంది. మానసిక వ్యాధికి మందులు వాడుతున్న సంగతి కూడా మన కుటుంబాలు దాచిపెడతాయి, ఆ 11 పాయింట్లూ అలాగే పోతాయి. ఇంకొక సంగతి. మనసును కుదిపే సంఘటన దుఃఖమే కానక్కర్లేదు. 2016లో ఇదే రిజిస్ట్రీ మానసిక కారణం స్పష్టంగా ఉన్న 485 మందిని పరిశీలిస్తే, 20 మందికి జబ్బు సంతోషకరమైన సంఘటన తర్వాత వచ్చింది. కూతురి పెళ్లి ముగిసిన రాత్రి ఛాతీ నొప్పితో వచ్చిన తల్లికి ఈ ప్రశ్నలో సున్నా వేయకూడదు.

రెండోది దీనికి పూర్తిగా ఎదురైనది. స్త్రీల ఛాతీ నొప్పిని గ్యాస్ అనో, టెన్షన్ అనో తేలికగా తీసిపారేసే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది, విచారకరంగా కొన్ని ఆసుపత్రుల్లోనూ ఉంది. అలాంటి వాతావరణంలో, స్త్రీ అయినందుకు 25, మనసు బాగాలేనందుకు 24 ఇచ్చే సాధనం అజాగ్రత్త గల వైద్యుడి చేతిలో పడితే, నిజమైన గుండెపోటుతో వచ్చిన స్త్రీకి ఒత్తిడి వల్ల వచ్చిందమ్మా అనే చీటీ రాసి పంపేందుకు సాకు అవుతుంది. ఇది నేను ఊహించి చెబుతున్న భయం కాదు. భర్త పోయిన పదకొండో రోజున నొప్పితో వచ్చిన ఒక స్త్రీని దుఃఖం కారణమని రాసి ఒక ఆసుపత్రి మా దగ్గరికి ఆలస్యంగా పంపితే, యాంజియోగ్రామ్‌లో ఆమె ప్రధాన రక్తనాళం మూసుకుపోయి కనిపించింది. దుఃఖం గుండెపోటును కూడా తెస్తుంది. స్కోరు 70 దాటినా ఎకో చేయాలనే నిపుణుల పత్రం చెబుతుంది తప్ప, ఇంటికి పంపమని ఎక్కడా చెప్పదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈసీజీలో ఎస్‌టీ పైకి లేచి ఉంటే ఈ స్కోరు జోలికే వెళ్లకూడదు. అలాంటి రోగిని వెంటనే యాంజియోగ్రామ్‌కు తీసుకెళ్లాలి. యాంజియోగ్రామ్ సౌకర్యం దగ్గర్లో లేని చోట, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ గురించి పెద్ద కేంద్రంలోని కార్డియాలజిస్టుతో అప్పటికప్పుడు మాట్లాడాలి. ఇది టకోట్సుబో ఏమో అని లెక్కలు వేస్తూ గడిపిన ప్రతి నిమిషం, నిజమైన గుండెపోటు రోగి కండరాన్ని హరిస్తుంది. వెబ్‌సైటులోని ఫారంలో ఈ హెచ్చరిక అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండవలసిందని నా అభిప్రాయం.

ఈ స్కోరుకు తోడుగా మరో సాధనాన్ని వాడమని నేను మా జూనియర్లకు చెబుతాను. పైన చెప్పిన జర్మనీ, ఇటలీ, స్పెయిన్ రిజిస్ట్రీ 2019లో ప్రకటించిన గైస్ట్ స్కోరు రోగం ఏమిటని అడగదు. టకోట్సుబో అని తేలిన రోగికి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఎంత ప్రమాదం ఉందో చెబుతుంది. అందులో పురుషుడైతే 20, పూర్వం నరాల జబ్బు ఉంటే 20, కుడి గది కూడా దెబ్బతింటే 30 పాయింట్లు. ఎడమ గది ఎంత రక్తాన్ని నెట్టగలుగుతోందన్న కొలతను బట్టి కొంత తీసివేస్తారు. ఒక సాధనంలో స్త్రీ అయినందుకు పాయింట్లు పెరిగితే, మరోదానిలో పురుషుడు అయినందుకు పెరుగుతాయి. రెండూ తప్పు కావు, రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అయితే గైస్ట్ స్కోరుకు మంచి ఎకో కావాలి, కుడి గదిని ఓపికగా చూడగలిగినవారు కావాలి. రాత్రి రెండు గంటలకు జిల్లా ఆసుపత్రిలో అది కుదరదు కాబట్టి ఇంటర్‌టాక్ అవసరం తీరిపోలేదు.

వాడకంలో సౌలభ్యం విషయానికి వస్తే పెద్దగా ఫిర్యాదులు లేవు. ప్రశ్నలు సూటిగా ఉన్నాయి, ఫలితం వెంటనే వస్తుంది. మానసిక వ్యాధి, నరాల వ్యాధి అన్నచోట పాతవీ కొత్తవీ రెండూ లెక్కకు వస్తాయన్న సంగతి తెలియని జూనియర్లు అక్కడ తడబడతారు, ఎప్పుడో వచ్చి తగ్గిన మూర్ఛను వదిలేస్తారు. ఈ స్కోరు వెనుకనున్న రోగులు ప్రధానంగా ఐరోపావారు. మన దగ్గర గుండెపోటు పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులోనే వస్తుంది కాబట్టి, ఇక్కడి గుండెపోటు రోగులతో పోల్చి చూసినప్పుడు ఇవే పాయింట్లు ఇంతే బాగా పనిచేస్తాయని అనుకోవడానికి వీల్లేదు. హైదరాబాదు, విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల ఉన్న పెద్ద బోధనాసుపత్రులు కలిసి ఒక ఉమ్మడి రిజిస్ట్రీ పెడితే ఈ లెక్కను మన రోగులమీద పరీక్షించడం కష్టమేమీ కాదు. అది జరగాలని మనసారా కోరుకుంటున్నాను. తర్వాతి రూపంలో వయసును చేర్చడం, పురుషులకు వేరే గీత పెట్టడం, ఈ రెండు మార్పులు జరిగితే నా అభ్యంతరాల్లో చాలావరకు తొలగిపోతాయి.

రేటింగ్ ఇవ్వవలసి వస్తే, యాభై దాటిన స్త్రీల విషయంలో ఐదుకు నాలుగున్నర ఇస్తాను. యాభై లోపు స్త్రీల విషయంలో మూడు. పురుషుల విషయంలో రెండు. ఆ రెండు కూడా, స్కోరు తక్కువ వచ్చిన పురుషుడు ఎలాగూ యాంజియోగ్రామ్‌కు వెళతాడు కాబట్టి, అక్కడ రక్తనాళాలు బాగున్నాయని తేలాక చూసే వైద్యుడికి టకోట్సుబో గుర్తుకు వస్తే నష్టం తప్పుతుంది కాబట్టి ఇస్తున్నాను. మగ రోగి విషయంలో యాంజియోగ్రామ్ రిపోర్టులో రక్తనాళాలు మామూలుగా ఉన్నాయి అన్న వాక్యంతో ఆగిపోకుండా, అదే సమయంలో ఎడమ గది కదలికను కూడా చిత్రం తీసి చూడమని అడగడం కుటుంబాలకు ఉన్న హక్కు.

ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో ఈ సాధనం చెప్పదు, చెప్పాలని ఆశించడం కూడా సరికాదు. 2022 నాటి ఆ జోడీల పోలికలో పురుషుల్లో అదనపు మరణాలు ప్రధానంగా మొదటి 60 రోజుల్లోనే కనిపించాయి. రిజిస్ట్రీ లెక్కల్లో గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఏడాది తర్వాతి ప్రాణరక్షణలో తేడా చూపలేదు. ఏసీఈ ఇన్హిబిటర్లు, ఏఆర్‌బీలు అనే రకం బీపీ మందులు వాడినవారు మాత్రం ఎక్కువమంది బతికారు. అందువల్ల డిశ్చార్జి కాగితంలో టకోట్సుబో అని ఉన్న రోగి పురుషుడైనా, శారీరక కారణంతో జబ్బు వచ్చినవారైనా, మూడు నెలల తర్వాత రమ్మని రాస్తే ఒప్పుకోకుండా, రెండు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు మరోసారి ఎకోతో సహా చూపించుకునే తేదీలను ఆసుపత్రి విడిచి వెళ్లేలోపే రాయించుకోవాలి.